పొదుగువాపు వ్యాధి

పాడిపశువు పొదుగులోని పాలగ్రంథులు వాచిపోవడాన్ని పొదుగువాపు వ్యాధి అంటారు. పశువైద్యులు మస్టైటిస్ అని రాస్తారు. దెబ్బ తగిలినా, ముళ్లకంప గీరుకున్నా పొదుగు వాయవచ్చు. కానీ ఎక్కువసార్లు చన్ను కొనన ఉన్న సన్నని రంధ్రం గుండా లోపలికి చేరిన సూక్ష్మజీవులే దీనికి మూలం. ఆవులకూ గేదెలకూ మాత్రమే కాదు, మేకలకూ గొర్రెలకూ ఈ జబ్బు వస్తుంది. పాడి ఉన్న ప్రతి దేశంలోనూ రైతుకు భారీగా నష్టం తెచ్చే జబ్బుల్లో ఇది ముందు వరసలో ఉంటుంది. గాలికుంటు వ్యాధి ఊరి మందనంతా ఒకేసారి చుట్టబెడుతుంది కనుక అందరి కంటా పడుతుంది. దానికి టీకా ఉంది, ప్రభుత్వ కార్యక్రమం ఉంది. పొదుగువాపు అలా కాదు. ఒక్కో కొట్టంలో, ఒక్కో పశువులో, చాలాసార్లు ఒక్క చన్నులోనే సాగుతుంది. పైకి ఏ గుర్తూ లేకుండా నెలల తరబడి పాలు తగ్గిస్తూ పోయే రూపమే దీనిలో ఎక్కువ. రైతు చేతికి రాకుండా పోతున్న డబ్బులో పెద్ద వాటా కూడా ఆ రూపానిదే.

పొదుగు నిర్మాణం

ఆవు పొదుగు పైకి ఒకటే అనిపించినా లోపల నాలుగు వేర్వేరు భాగాలుంటాయి. కుడి ఎడమల మధ్య గట్టి పొర అడ్డుగా ఉంటుంది. ముందు వెనక భాగాల మధ్య అంత గట్టి అడ్డు లేకపోయినా దేని పాలనాళాలు దానివే. ఒక భాగంలో తయారైన పాలు మరో భాగంలోకి పోవు. అందుకే ఒక చన్ను చెడిపోయి మిగతా మూడూ బాగుండటం సాధ్యమవుతుంది. సంతలో గేదెను కొనేవాళ్లు నాలుగు చన్నులూ విడివిడిగా పిండి చూసేది ఇందుకే. మూడు చన్నుల పశువుకు ధర పడిపోతుంది.

పాలు సూక్ష్మమైన సంచుల్లో తయారై, నాళాల గుండా దిగి, చన్ను పైనున్న ఖాళీలో చేరతాయి. అక్కడి నుంచి బయటికి వచ్చే చివరి దారి సుమారు ఒక సెంటీమీటరు పొడవుంటుంది. ఈ చిన్న నాళమే పొదుగుకు కాపలా. దాని చుట్టూ ఉన్న కండరం బిగుసుకుని దారి మూస్తుంది. లోపలి గోడకు కెరాటిన్ అనే మైనం లాంటి పదార్థం పూతగా ఉండి సూక్ష్మజీవులను పట్టి ఉంచుతుంది. పాలు పితికిన ప్రతిసారీ ఆ పూతలో కొంత, పట్టుబడిన సూక్ష్మజీవులతో సహా, కొట్టుకుపోతుంది. పితకడం అయిపోయాక కండరం పూర్తిగా బిగుసుకోవడానికి అరగంట నుంచి రెండు గంటల దాకా పడుతుంది. ఆ వ్యవధిలో పశువు పేడలోనో బురదలోనో పడుకుంటే దారి తెరిచి ఉన్న చన్ను నేలకు తగులుతుంది. నివారణ పద్ధతుల్లో సగం ఈ కొద్దిసేపటి చుట్టూనే తిరుగుతాయి.

గేదెల్లో ఆ కండరం ఆవులకంటే బిగుతు. వాటికి ఈ జబ్బు కొంత తక్కువగా రావడానికి ఇది ఒక కారణమని పశువైద్యులు చెబుతారు. అయితే గేదెకు చేపు, అంటే పాలు దిగడం, ఆలస్యం. చేపక ముందు ఆవు పొదుగు కింది ఖాళీలో మొత్తం పాలలో సుమారు ఐదో వంతు ఉంటే, గేదెలో ఇరవయ్యో వంతుకు మించవు. మిగిలినవన్నీ పైన సూక్ష్మ సంచుల్లోనే ఉండిపోతాయి. దూడ కుడిచినప్పుడో, చెయ్యి తగిలినప్పుడో, దాణా ముందు పెట్టినప్పుడో మెదడు నుంచి ఆక్సిటోసిన్ విడుదలై ఆ పాలు దిగుతాయి. ఓపిక పట్టలేక పూటపూటా ఆక్సిటోసిన్ సూది వేసే అలవాటు చాలా పల్లెల్లో ఉంది. దానివల్ల పశువు సహజంగా చేపడం మరిచిపోతుంది, సూది లేనినాడు పాలు పూర్తిగా దిగవు. పొదుగులో జబ్బు ఉన్న పశువుకు పాలు నిలిచిపోవడం మరింత చేటు.

కారక క్రిములు

పొదుగువాపు ఏదో ఒక్క క్రిమి తెచ్చే జబ్బు కాదు. నూటికి పైగా రకాల సూక్ష్మజీవులను జబ్బు పొదుగుల నుంచి వేరుచేశారు. వాటిలో బాక్టీరియాలే ఎక్కువ. ఈస్టులూ, ప్రోటోథీకా అనే ఒక రకం శైవలమూ కూడా కనిపిస్తాయి. ఎక్కడ కాపురం ఉంటాయన్నదాన్ని బట్టి వీటిని రెండు జట్లుగా చూడటం మేలు. ఏ జట్టు అన్నది తెలిస్తేనే ఏం చెయ్యాలో తెలుస్తుంది.

మొదటి జట్టు పశువు నుంచి పశువుకు అంటుకునేవి. స్ట్రెప్టోకోకస్ అగలాక్టియే దాదాపుగా పొదుగులోనే బతుకుతుంది. పెన్సిలిన్‌కు సులువుగా లొంగుతుంది, మంద మొత్తాన్ని పరీక్షించి చికిత్స చేస్తే మంద నుంచి పూర్తిగా తరిమెయ్యవచ్చు. స్టాఫిలోకోకస్ ఆరియస్ అలా లొంగేది కాదు. పాల కణజాలం లోతుల్లోకి పోయి చిన్నచిన్న చీముగడ్డలు కడుతుంది, చుట్టూ గట్టి పీచు పేరుకుంటుంది, మందు అక్కడికి చేరదు. కొంత కాలం తగ్గినట్టే ఉండి మళ్లీ తిరగబెడుతుంది. ఈ క్రిమి ఒక పశువు నుంచి మరో పశువుకు చేరేది పితికే చేతుల ద్వారా, తుడిచే గుడ్డ ద్వారా, యంత్రమైతే రబ్బరు గొట్టాల ద్వారా. మైకోప్లాస్మా బోవిస్ కూడా ఈ జట్టుదే. దానికి కణకవచం లేదు కనుక పెన్సిలిన్ జాతి మందులేవీ పనిచెయ్యవు.

రెండో జట్టు పరిసరాల్లో ఉండేవి. పేడలో ఎషరీషియా కోలై, గడ్డి పరుపుల్లో స్ట్రెప్టోకోకస్ యుబెరిస్, రంపపు పొట్టులో క్లెబ్సియెల్లా. పొట్టు పరిచిన కొట్టాల్లో ఈ చివరిది ఎక్కువగా కనిపిస్తుంది. వీటికి మరో జబ్బు పశువుతో పని లేదు, తడి నేల చాలు. వానాకాలంలో, ఈనిన కొత్తలో, పశువు శక్తి తగ్గి ఉన్న రోజుల్లో ఇవి విజృంభిస్తాయి. డెల్టా పల్లెల్లో పాలు పితికిన వెంటనే గేదెలను చెరువుకు తోలే అలవాటు ఉంది. చన్నుదారి మూసుకోకముందే మురికి నీళ్లలో నానడానికి అది దారి తీస్తుంది. ఒక గంట ఆగి తోలితే ఖర్చేమీ లేదు.

కనిపించే రూపం

పొదుగు ఎర్రబడి, వేడెక్కి, గట్టిపడుతుంది, ముట్టుకుంటే పశువు కాలు ఝాడిస్తుంది. పాలలో విరుగుళ్లు, పీచులు, కొన్నిసార్లు రక్తపు జీర కనిపిస్తాయి. పాలు నీళ్లలా పల్చబడటమూ ఉంది. జ్వరం వస్తుంది, మేత మానేస్తుంది. ఇవన్నీ ఏ రైతుకైనా తెలిసిన గుర్తులే.

రెండు తీవ్రమైన రూపాలను మాత్రం విడిగా గుర్తుపెట్టుకోవాలి. కోలై క్రిములు చచ్చేటప్పుడు విడుదల చేసే ఎండోటాక్సిన్ రక్తంలో కలిస్తే, పొదుగు వాపు పెద్దగా కనిపించకముందే పశువు కూలబడిపోతుంది. ఈనిన రెండు మూడు రోజుల్లో ఇలా జరిగితే, కాల్షియం తగ్గి వచ్చే పాలజ్వరమని పొరబడి కాల్షియం ఒక్కటే ఎక్కించి ఊరుకునే ప్రమాదం ఉంది. పడిపోయిన పశువు నాలుగు చన్నుల నుంచీ రెండు ధారలు పిండి చూస్తే, పచ్చని నీళ్లలాంటి పాలు ఏ చన్ను నుంచి వస్తున్నాయో తెలిసిపోతుంది. రెండోది పొదుగు కుళ్లడం. స్టాఫిలోకోకస్ విషం వల్ల రక్తప్రసరణ ఆగి చన్ను నీలంగా మారి చల్లబడుతుంది. వేడిగా ఉన్న వాపు కంటే చల్లబడిన పొదుగు చాలా ప్రమాదకరం. ఈ రెండింటిలోనూ గంటలు లెక్క. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండు చోట్లా సంచార పశువైద్య వాహనాల కోసం 1962 నంబరు ఉంది.

కనిపించని రూపం

పొదుగు మామూలుగానే ఉంటుంది. పాలు తెల్లగానే ఉంటాయి. పశువు మేస్తుంది, నెమరేస్తుంది. కానీ లోపల క్రిములూ తెల్లరక్తకణాలూ పోరాడుతుంటాయి, పాలు తయారుచేసే కణాలు దెబ్బతింటుంటాయి, రోజుకు కొన్ని వందల మిల్లీలీటర్లు తగ్గిపోతుంటాయి. దాణా తగ్గిందనో, ఎండలు ముదిరాయనో, ఈత పాతబడిందనో రైతు సర్దుకుంటాడు. కనిపించే కేసు ఒకటి ఉన్నచోట కనిపించనివి ఎన్నో రెట్లు ఉంటాయి. పైగా ఆ పశువే కొట్టంలోని మిగతా పశువులకు క్రిముల నిల్వ అవుతుంది.

దీన్ని పట్టించేవి పాలలోని సొమాటిక్ కణాలు. అంటే పొదుగు నుంచి పాలలోకి వచ్చే శరీర కణాలు. ఆరోగ్యమైన ఆవు పాలలో మిల్లీలీటరుకు లక్ష లోపు ఉంటాయి. రెండు లక్షలు దాటితే ఆ భాగంలో ఇన్ఫెక్షన్ ఉన్నట్టు అనుమానించాలి. యూరపియన్ యూనియన్ నాలుగు లక్షలనూ, అమెరికా ఏడున్నర లక్షలనూ హద్దుగా పెట్టుకున్నాయి. అంతకు మించిన పాలను అమ్మకానికి ఒప్పుకోరు.

కణాలను అంచనా వెయ్యడానికి ప్రయోగశాల అవసరం లేని పద్ధతి 1957లో వచ్చింది. కాలిఫోర్నియాకు చెందిన షాల్మ్, నూర్లాండర్ అనే శాస్త్రవేత్తలు దాన్ని రూపొందించారు. నాలుగు గుంటలున్న పళ్లెంలో నాలుగు చన్నుల పాలూ కొద్దికొద్దిగా పిండి, అంతే డిటర్జెంట్ ద్రావణం పోసి తిప్పుతారు. డిటర్జెంట్ కణాలను పగలగొట్టి లోపలి డీఎన్‌ఏను బయటికి తెస్తుంది. కణాలు ఎక్కువుంటే మిశ్రమం జిగురుగా, గంజిలా చిక్కబడుతుంది. పది సెకన్లలో ఫలితం తెలుస్తుంది. ఆ ద్రావణం దొరకనిచోట బట్టలు ఉతికే పొడిని నూటికి మూడు పాళ్లు నీళ్లలో కలిపి వాడవచ్చని పాకిస్తాన్, భారత పశువైద్యులు నిరూపించారు. నెలకోసారి, పిడికెడు సబ్బుపొడితో ఇంటి దగ్గరే చేసుకోగల పరీక్ష ఇది. దీనంత చవకైన, దీనంత లాభం తెచ్చే పని పాడిలో మరొకటి లేదని ఈ వ్యాసకర్త నమ్మకం. ఈనిన మొదటి వారంలోనూ, వట్టిపోయే ముందు రోజుల్లోనూ కణాలు సహజంగానే పెరుగుతాయి కనుక అప్పటి ఫలితాన్ని అంతగా లెక్కలోకి తీసుకోకూడదు.

జబ్బు పాలలో లాక్టోజ్, కేసిన్ తగ్గుతాయి. రక్తం నుంచి సోడియం, క్లోరైడ్ వచ్చి చేరతాయి. పాలు కాస్త ఉప్పగా ఉండటం, విద్యుత్తును ఎక్కువగా ప్రసరింపజేయడం ఇందువల్లే. ఆ విద్యుత్ గుణాన్ని కొలిచే పరికరాలు పెద్ద డెయిరీ ఫారాల్లో పితికే యంత్రాలకే అమర్చి ఉంటాయి. కేసిన్ తగ్గడం వల్ల జున్ను, పనీరు తక్కువగా దిగుతాయి.

ధరకూ జబ్బుకూ ఉన్న సంబంధం ఇక్కడే చూడాలి. ఐరోపాలో ఒక ట్యాంకు పాలు ఒకే ఫారం నుంచి వస్తాయి. కణాలు పెరిగితే ఆ రైతు ధర కోస్తారు, కనుక అతను జబ్బు పశువును వెతుక్కుంటాడు. మన పాలకేంద్రంలో ఒక క్యానులో పదుల ఇళ్ల పాలు కలుస్తాయి. ధర కట్టేది వెన్న, వెన్నేతర ఘనపదార్థాల మీద. కనిపించని పొదుగువాపు వల్ల వెన్న శాతం పెద్దగా మారదు. కనుక ధరలో జబ్బు ఊసు దాదాపుగా రాదు, తగ్గిన లీటర్లే రైతుకు శిక్ష. ఆ లీటర్లు ఎందుకు తగ్గాయో చెప్పేవాళ్లు లేరు. విదేశాల్లో పనిచేసిన ట్యాంకు లెక్కను ఇక్కడ తెచ్చి పెడితే ప్రయోజనం కొంతే. పాలకేంద్రం దగ్గరే ఇంటింటి పాలనూ విడిగా సబ్బు పరీక్షకు పెట్టడం మన పరిస్థితికి సరిపడే మార్గం. గుజరాత్‌లోని సబర్‌కాంఠా ప్రాంతంలో జాతీయ పాడి అభివృద్ధి సంస్థ సహకార సంఘాల ద్వారా ఈ దారిలోనే నడిచింది.

చికిత్స

ముందుగా తరచూ పితకడం, చెడ్డ పాలను పూర్తిగా తీసెయ్యడం. ఆ పాలను నేలమీద పారబోయకూడదు, దూడకు పట్టకూడదు. తర్వాత యాంటీబయాటిక్. వీలైతే మందు మొదలుపెట్టకముందే పాల నమూనాను శుభ్రమైన సీసాలో పట్టి ప్రయోగశాలకు పంపాలి. ఏ క్రిమి, ఏ మందుకు లొంగుతుంది అన్నది అక్కడ తేలుతుంది. చన్నులోకి ఎక్కించే ట్యూబులు వాడేటప్పుడు చన్ను కొనను స్పిరిట్ దూదితో రుద్ది తుడవడం మందంత ముఖ్యం. మురికి చన్నులోకి ట్యూబు దూర్చితే కొత్త క్రిమిని, ముఖ్యంగా ఈస్టును, మనమే లోపలికి తోసినట్టవుతుంది. ట్యూబుల మీద ట్యూబులు ఎక్కించినా తగ్గని కేసుల్లో కొన్ని ఇలా మొదలైనవే. పాలు రావడం లేదని పుల్లో గొట్టమో దూర్చడం ఇంకా ప్రమాదం.

నొప్పి, జ్వరం తగ్గించే మందులు కూడా చికిత్సలో భాగం. వీటిలో డైక్లోఫెనాక్‌ను పశువులకు వాడటాన్ని 2006లో భారత ప్రభుత్వం నిషేధించింది. ఆ మందు వేసిన పశువు చనిపోతే దాన్ని తిన్న రాబందుల మూత్రపిండాలు పాడయ్యేవి. దేశంలో రాబందులు దాదాపు కనుమరుగు కావడానికి అదే ప్రధాన కారణమైంది. కీటోప్రొఫెన్ మీద 2023లో నిషేధం వచ్చింది. మెలోక్సికామ్ సురక్షితమైన ప్రత్యామ్నాయం.

కలబంద 250 గ్రాములు, పసుపు 50 గ్రాములు, సున్నం 15 గ్రాములు కలిపి నూరి, నీళ్లతో పల్చగా చేసి పొదుగుకు రోజుకు ఎనిమిది పదిసార్లు పట్టించే పద్ధతిని తమిళనాడు పశువైద్యులు క్రోడీకరించారు. జాతీయ పాడి అభివృద్ధి సంస్థ దాన్ని దేశమంతటా ప్రచారంలోకి తెచ్చింది. తొలిదశలో, పశువు హుషారుగా ఉన్నప్పుడు దీన్ని ప్రయత్నించడంలో తప్పులేదు. పశువు మేత మానేసినా, కూలబడినా పూత మీద ఆధారపడి ఒక పూట కూడా ఆలస్యం చెయ్యకూడదు.

మందు వాడిన పాలు చాలాచోట్ల వాడకంలోకే పోతున్నాయి. ట్యూబు పెట్టెమీద ఎన్ని గంటలు లేదా రోజులు పాలు వాడకూడదో రాసి ఉంటుంది. అలా రాసి లేని మందులకు కనీసం 7 రోజులు ఆగాలని 2012 నుంచి భారత ఔషధ నియమాల్లో ఉంది. నాలుగు చన్నుల్లో ఒక్కదానికే మందు వేసినా నాలుగింటి పాలనూ పక్కన పెట్టాలి, ఎందుకంటే మందు రక్తంలోకి చేరి మిగతా భాగాల్లోకీ వస్తుంది. తోడు వేసిన పాలు ఎంతకీ తోడుకోకపోవడం వెనుక కొన్నిసార్లు ఈ మందు శేషమే ఉంటుంది, తోడులోని మేలు చేసే బాక్టీరియాను అది చంపేస్తుంది. పెన్సిలిన్ పడని మనిషికి కొద్దిపాటి శేషమూ కీడు చెయ్యగలదు. మందుకు లొంగని క్రిములు పెరగడం దీర్ఘకాలపు నష్టం. వారంపాటు పాలు పారబోస్తే ఇల్లు గడవని రైతును నిందించి ప్రయోజనం లేదు. ఆ వారానికి పరిహారమిచ్చే ఏర్పాటు పాలసేకరణ సంస్థలే చెయ్యాలి.

జబ్బు పాలను కాచితే క్రిములు చస్తాయి. స్టాఫిలోకోకస్ విషం మాత్రం మరిగించినా పోదు. ఆ పాలు తాగినవాళ్లకు వచ్చే వాంతులు, విరేచనాలు దాని పనే.

నివారణ

ఇంగ్లండులో రీడింగ్ దగ్గర షిన్‌ఫీల్డ్‌లో ఉన్న జాతీయ పాడి పరిశోధన సంస్థ 1960ల్లో వేల పశువుల మీద ప్రయోగాలు చేసి ఐదు సూత్రాలు నిర్ధారించింది. పితికిన వెంటనే ప్రతి చన్నునూ క్రిమిసంహారకంలో ముంచడం, వట్టిపోయేటప్పుడు పొదుగులోకి దీర్ఘకాలం పనిచేసే యాంటీబయాటిక్ ఎక్కించడం, జబ్బు కనిపించగానే చికిత్స, నయంకాని పశువును మంద నుంచి తప్పించడం, పితికే యంత్రాన్ని సరిగ్గా ఉంచుకోవడం. 1960ల చివర బ్రిటన్‌లో ఏడాదికి వంద ఆవులకు 120 దాకా ఉన్న కేసులు 1980ల తొలినాళ్లకు సుమారు 40కి దిగాయి. అంటుకునే క్రిములు అణిగాక పరిసరాల క్రిముల వాటా ముందుకొచ్చింది. వాటికి చన్ను ముంచడం కంటే పొడి నేల ముఖ్యం.

ఈ ఐదింటిలో మన చిన్నరైతు రేపటి నుంచే చెయ్యగలిగింది మొదటిది. అరశాతం అయోడిన్ ద్రావణంలో కాస్త గ్లిజరిన్ కలిపి చిన్న కప్పులో పోసి చన్నులు ముంచడం. ఆ తర్వాత పశువు కనీసం గంటసేపు పడుకోకుండా ఎండుగడ్డో పచ్చిమేతో ముందు వెయ్యాలి. పితకడానికి ముందు కడిగిన చన్నులను ఒక్కో పశువుకు వేర్వేరు గుడ్డతో తుడిచి ఆరబెట్టాలి. తడి చన్నును పితికితే పొదుగు మీది మురికినీరంతా కొనకు చేరుతుంది. తొలి ధారలు నేలమీద కాకుండా నల్లని పాత్రలో పట్టి చూస్తే పీచులు తేలిగ్గా కనిపిస్తాయి. పిడికిలితో పిండటం మంచిది. బొటనవేలు మడిచి కణుపుతో నొక్కి పిండితే చన్ను లోపలి పొర చితుకుతుంది, క్రిమికి అక్కడే చోటు దొరుకుతుంది. తొలిచూలు పశువులను ముందు, ఆరోగ్యమైనవాటిని తర్వాత, జబ్బువాటిని చివర పితకాలి.

వట్టి కాలపు యాంటీబయాటిక్ మీద ఇప్పుడు ఆలోచన మారింది. ప్రతి పశువుకూ గుడ్డిగా ఎక్కించడాన్ని నెదర్లాండ్స్ 2010ల్లో ఆపింది. 2022 జనవరి నుంచి యూరపియన్ యూనియన్ చట్టమే దాన్ని కట్టడి చేసింది. పరీక్షలో జబ్బు తేలినవాటికే మందు, మిగతావాటికి బిస్మత్ సబ్‌నైట్రేట్‌తో చన్ను నాళాన్ని మూసే పూడిక. అక్కడ ఏళ్లతరబడి మందు వాడి ఆపేశారు. మన పల్లెల్లో ఎండగట్టేటప్పుడు ఏ మందూ వెయ్యని ఇళ్లే ఎక్కువ. ఈనడానికి రెండు నెలల ముందు, సబ్బు పరీక్షలో చిక్కబడిన చన్నులకైనా ఈ మందు వేయించడం మనకు ఇంకా మొదలుకావలసిన పని. స్టాఫిలోకోకస్ ఆరియస్‌ను తొలగించడానికి మంచి అదను అదే, పాలు పితికే రోజుల్లో వేసిన మందుకంటే అప్పుడు వేసింది బాగా పట్టుతుంది.

మేతలో విటమిన్ ఇ, సెలీనియం, జింకు తగ్గితే తెల్లరక్తకణాల పోరాటశక్తి తగ్గుతుంది. ఖనిజ లవణ మిశ్రమం, పచ్చిమేత ఈ లోటు తీరుస్తాయి. టీకాల విషయంలో ఆశించినంత జరగలేదు. 1990లో అమెరికాలో అనుమతి పొందిన జె-5 అనే కోలై టీకా జబ్బు రాకుండా ఆపలేదు, తీవ్రత తగ్గించి పశువు ప్రాణం కాపాడుతుంది. ఇన్ని రకాల క్రిములకు ఒక్క టీకా సాధ్యం కాకపోవడమే అసలు చిక్కు.

ఎక్కువ పాలిచ్చే పశువులకు పొదుగువాపు ముప్పు ఎక్కువ. చిత్తూరు జిల్లాలో జెర్సీ, హోల్‌స్టీన్ సంకర ఆవులు విస్తరించాయి. వాటి వేలాడే పెద్ద పొదుగులు నేలకు దగ్గరగా ఉంటాయి. ఒంగోలు ఆవు పొదుగు చిన్నది, బిగువైనది.

షిన్‌ఫీల్డ్ సూత్రాల్లో నాలుగోది, నయంకాని పశువును తప్పించడం, మన దగ్గర అమలవడం కష్టం. రెండు గేదెలున్న ఇంటికి ఒకటి పోతే సగం బతుకు పోయినట్టే. సంతలో అమ్మితే జబ్బు మరో కొట్టానికి చేరుతుంది. అందుకని ఒకే చన్ను పదేపదే చెడుతుంటే, పశువైద్యుని సలహాతో ఆ ఒక్క భాగాన్ని శాశ్వతంగా ఎండగట్టించడం మంచి మధ్యేమార్గం. కొన్ని వారాల్లో ఆ భాగం ముడుచుకుపోతుంది, మిగతా మూడు భాగాలు తర్వాతి ఈతలో కొంతమేరకు ఆ లోటు పూడుస్తాయి. పశువు పాడిలోనే ఉంటుంది. దాన్ని అన్నింటికంటే చివర పితికి చేతులు కడుక్కుంటే పక్క గేదెకు ఆ క్రిమి అంటుకునే ముప్పు బాగా తగ్గుతుంది.